హెడ్ గ్యాస్‌కెట్ ఎందుకు పోతుంది, మార్చినా మళ్లీ ఎందుకు పోతుంది? పాత కారు ఇంజిన్లపై ఒక విశ్లేషణ

సంక్షిప్తంగా

పాత కార్లలో హెడ్ గ్యాస్‌కెట్ (ఇంజిన్ బ్లాకుకు, దానిపై కూర్చునే సిలిండర్ హెడ్‌కు మధ్య ఉండే పలుచని పొర) వయసు మీరి దానంతటదే పోవడం అరుదు. చాలా సందర్భాల్లో ఇంజిన్ అతిగా వేడెక్కి, సిలిండర్ హెడ్ వంగి, ఆ వంపు వల్ల గ్యాస్‌కెట్ తెగుతుంది. అందువల్ల కొత్త గ్యాస్‌కెట్ వేయడం మరమ్మతులో ఒక భాగమే. ఇంజిన్ వేడెక్కడానికి కారణం కనుక్కోవడం, హెడ్ వంపును కొలిచి సరిచేయించడం, బోల్టులను సరైన వరుసలో, సరైన బిగువుతో బిగించడం అనే మూడింటిలో ఏ ఒక్కటి వదిలేసినా కొద్ది నెలల్లోనే కారు మళ్లీ షెడ్డుకు చేరుతుంది.

రెండు లోహాల మధ్య ఒక పలుచని పొర

ఇంజిన్ బ్లాకులో సిలిండర్లు ఉంటాయి. వాటిపై మూతలా కూర్చునే సిలిండర్ హెడ్‌లో వాల్వులు, స్పార్క్ ప్లగ్గులు ఉంటాయి. ఈ రెండింటి మధ్య ఉండే హెడ్ గ్యాస్‌కెట్ మందం సాధారణంగా ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లకు మించదు. ఆ కొద్దిపాటి పొరే సిలిండర్లలో మండే వాయువులను, బ్లాకు నుంచి హెడ్‌లోకి ఎక్కే నీటిని, పైకి కిందికి తిరిగే ఇంజిన్ ఆయిల్‌ను ఒకదానితో ఒకటి కలవకుండా ఆపాలి.

దాని మీద పడే భారం ఎంతో తెలియాలంటే మారుతి 800ను ఉదాహరణగా తీసుకోవచ్చు. 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి దాకా తయారైన ఆ కారులోని ఎఫ్8బి ఇంజిన్ 796 సీసీల, మూడు సిలిండర్ల ఇంజిన్. ఒక్కో సిలిండర్ వ్యాసం 68.5 మిల్లీమీటర్లు, అంటే వైశాల్యం దాదాపు 37 చదరపు సెంటీమీటర్లు. పెట్రోలు ఇంజిన్ పూర్తి భారంతో లాగుతున్నప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 50 కిలోల వరకు వెళుతుంది. ఆ లెక్కన ఒక్క సిలిండర్‌లో మంట అంటుకున్న ప్రతిసారీ దాదాపు 1,850 కిలోల బలం హెడ్‌ను పైకి నెడుతుంది. నిమిషానికి 3,000 చుట్ల వేగంలో ఇది ఒక్కో సిలిండర్‌లో సెకనుకు 25 సార్లు జరుగుతుంది. పాతకాలపు డీజిల్ ఇంజిన్లలో కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లోకి వచ్చినదాన్ని పిస్టన్ ఎన్నో వంతుకు నొక్కుతుందన్న లెక్క) 20కి పైన ఉండటం వల్ల ఈ ఒత్తిళ్లు ఇంకా ఎక్కువ.

ఇంత బలాన్ని గ్యాస్‌కెట్ తన సొంత గట్టిదనంతో ఆపదు. హెడ్ బోల్టులు సాగి, స్ప్రింగుల్లా హెడ్‌ను కిందికి లాగి పట్టుకుంటాయి. గ్యాస్‌కెట్ ఆ పట్టును ప్రతి సిలిండర్ చుట్టూ సమానంగా పంచుతుంది. ఎక్కడైనా పట్టు సడలితే వేడి వాయువు ముందు సన్నని సందు చేసుకుంటుంది, తర్వాత ఆ సందు అంచులను కోసుకుంటూ పోతుంది. దించి చూసిన గ్యాస్‌కెట్‌పై రెండు సిలిండర్ల మధ్య ఉండే సన్నని భాగంలో నల్లటి చార కనిపించడానికి కారణం ఇదే. ఆ చోట గ్యాస్‌కెట్‌లో సిలిండర్ చుట్టూ ఉండే లోహపు రింగు మాడి, లోపలి పదార్థం పొడిగా రాలిపోయి ఉంటుంది.

వేడెక్కినప్పుడు జరిగేది

మారుతి 800లో, అదే తరానికి చెందిన మరెన్నో కార్లలో, బ్లాకు పోత ఇనుముది, హెడ్ అల్యూమినియం మిశ్రమలోహానిది. వేడికి అల్యూమినియం పోత ఇనుము కంటే సుమారు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 30 సెంటీమీటర్ల పొడవున్న హెడ్‌ను తీసుకుంటే, ఉష్ణోగ్రత 70 డిగ్రీలు పెరిగేసరికి అది దాదాపు అర మిల్లీమీటరు పెరుగుతుంది. కింద ఉన్న బ్లాకు పావు మిల్లీమీటరే పెరుగుతుంది. ఇంజిన్ వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ఈ రెండు లోహాలు గ్యాస్‌కెట్‌ను చెరో వైపు రాస్తాయి. మామూలు వాడకంలో గ్యాస్‌కెట్ దీన్ని ఏళ్ల తరబడి భరిస్తుంది, ఎందుకంటే దాన్ని రూపొందించింది ఆ రాపిడిని లెక్కలోకి తీసుకునే.

నీరు తగ్గినప్పుడే పరిస్థితి మారుతుంది. రేడియేటర్‌లో చిన్న లీకుతోనో, వాటర్ పంప్ సీలు పోవడం వల్లనో, ఫ్యాన్ తిరగకపోవడం వల్లనో నీటి మట్టం పడిపోయి, హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ ఆవిరి బుడగలు నిలుస్తాయి. నీరు తీసుకుపోయినంత వేడిని ఆవిరి తీసుకుపోలేదు. ఆ ప్రాంతంలో అల్యూమినియం మెత్తబడే ఉష్ణోగ్రతకు చేరుతుంది. బోల్టులు రెండు చివర్లా కట్టి పడేయడం వల్ల హెడ్ స్వేచ్ఛగా సాగలేదు; మధ్య భాగం ఉబ్బి, తనలో తానే నలిగి, చల్లారాక మునుపటి ఆకారానికి తిరిగి రాదు. హెడ్ వంగడం అంటే ఇదే. వంపు మిల్లీమీటరులో పదో వంతు ఉన్నా చాలు, గ్యాస్‌కెట్ పట్టు అక్కడ పోతుంది.

ఇక్కడ డ్రైవర్లను తరచుగా మోసం చేసే సంగతి ఒకటుంది. టెంపరేచర్ గేజ్ చూపేది సెన్సర్‌ను తాకుతున్న నీటి వేడిని. నీరు మరీ తగ్గి సెన్సర్ గాలిలో తేలితే ముల్లు పైకి వెళ్లాల్సింది పోయి కిందికి దిగుతుంది. ఎర్ర గీత దాకా వెళ్లిన ముల్లు హఠాత్తుగా తగ్గడాన్ని ఇంజిన్ చల్లబడిందనుకుని మరో పది కిలోమీటర్లు నడిపితే హెడ్‌తో పాటు పిస్టన్లు, రింగులు కూడా దెబ్బతినే వీలుంది. మరో పొరపాటు, ఆవిరి కక్కుతున్న ఇంజిన్‌లో వెంటనే చన్నీళ్లు పోయడం. కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టు, ఒక్కసారిగా చల్లబడ్డ చోట లోహం కుంచించుకుని, వాల్వు సీట్ల మధ్య పగుళ్లు పడతాయి. వంగిన హెడ్‌ను ఫేసింగ్‌తో, అంటే అడుగును చదును చేయించి, బాగుచేయవచ్చు గానీ, పగిలిన హెడ్‌ను చాలాసార్లు పక్కన పెట్టాల్సిందే.

వేడి కాకుండా ఇతర కారణాలూ ఉన్నాయి. ఇగ్నిషన్ టైమింగ్ మరీ ముందుకు ఉండి ఇంజిన్ నాక్ అవుతూ (మిశ్రమం అదుపు తప్పి పేలి టకటక శబ్దం చేస్తూ) ఉంటే, ఆ దెబ్బలు గ్యాస్‌కెట్ రింగులను నలగ్గొడతాయి. కూలెంట్ లేకుండా ఏళ్ల తరబడి ఉత్త నీటితో నడిపిన ఇంజిన్లలో అల్యూమినియం హెడ్‌పై నీటి రంధ్రాల అంచులు తుప్పు తిని, గ్యాస్‌కెట్ కూర్చునే చోటే గుంటలు పడతాయి. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చాక పాత కార్ల యజమానుల్లో పలు ఆందోళనలు మొదలయ్యాయి. రబ్బరు పైపులు, కార్బురేటర్ భాగాల విషయంలో ఆ ఆందోళనకు ఆధారం ఉంది. హెడ్ గ్యాస్‌కెట్‌కు మాత్రం దాంతో నేరుగా ముడి పెట్టడం కష్టం. ఇథనాల్ పెట్రోలు ఆక్టేన్‌ను (నాకింగ్‌ను తట్టుకునే గుణాన్ని) పెంచి నాకింగ్‌ను తగ్గిస్తుంది. పాత కార్బురేటర్లలో మిశ్రమం కాస్త పలచబడుతుందన్నది నిజమే అయినా, నీరు చాలినంత ఉన్న ఇంజిన్‌లో హెడ్‌ను వంచడానికి అదొక్కటే చాలదు.

అంబాసిడర్‌కు, మారుతికి తేడా

పాత మెకానిక్కులు అంబాసిడర్ హెడ్ గ్యాస్‌కెట్‌ను చిన్న పనిగా చెప్పడానికి కారణం ఆ ఇంజిన్ నిర్మాణంలోనే ఉంది. బ్రిటన్‌కు చెందిన బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి సిరీస్ నుంచి వచ్చిన 1489 సీసీల ఆ పెట్రోలు ఇంజిన్‌లో హెడ్, బ్లాకు రెండూ పోత ఇనుమువే. రెండూ సమానంగా వ్యాకోచిస్తాయి కాబట్టి గ్యాస్‌కెట్‌పై రాపిడి స్వల్పం. కంప్రెషన్ నిష్పత్తి తక్కువ. పైగా వాల్వులను తెరిచే ఇరుసైన క్యామ్‌షాఫ్ట్ బ్లాకులో ఉండి, పుష్‌రాడ్లనే కడ్డీలతో వాటిని నడుపుతుంది. అందువల్ల హెడ్ దించడానికి టైమింగ్ చైన్‌ను ముట్టుకోనక్కర్లేదు. రాగి రేకుల మధ్య ఆస్బెస్టాస్ పెట్టిన ఆనాటి గ్యాస్‌కెట్లు చిన్నచిన్న ఎగుడుదిగుళ్లను తమలో ఇముడ్చుకునేవి. చేతి అంచనాతో బిగించినా చాలాసార్లు పని జరిగిపోయేది. ఆ గ్యాస్‌కెట్లను ఇప్పుడు గీకి తీసేటప్పుడు లేచే ఆస్బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరం కాబట్టి, తడిపి తీయడం, గాలి పైపుతో ఊదకపోవడం తప్పనిసరి.

మారుతి తరం ఇంజిన్లలో క్యామ్‌షాఫ్ట్ హెడ్ పైకి ఎక్కింది, హెడ్ అల్యూమినియం అయింది, బరువు తగ్గింది, ఇంధనం ఆదా అయింది. దానికి ప్రతిగా వేడి విషయంలో ఇంజిన్ సహనం తగ్గింది. అంబాసిడర్ అలవాట్లతో మారుతి హెడ్‌ను బిగించడం వల్ల తొలినాళ్లలో ఎన్ని గ్యాస్‌కెట్లు రెండోసారి పోయి ఉంటాయో ఊహించవచ్చు.

కొన్ని ఇంజిన్లలో లోపం వాడకంలో కాక రూపకల్పనలోనే ఉంటుంది. బ్రిటన్‌లో రోవర్ కంపెనీ 1980ల చివర తెచ్చిన కె సిరీస్ ఇంజిన్ దీనికి పేరుమోసిన ఉదాహరణ. అందులో పొడవాటి బోల్టులు హెడ్ పైనుంచి బ్లాకు అడుగు దాకా దూసుకెళ్లి మొత్తాన్ని ఒకటిగా బిగిస్తాయి. బరువు తగ్గించడానికి నీటి పరిమాణాన్ని బాగా తగ్గించారు, థర్మోస్టాట్‌ను (నీరు వేడెక్కేదాకా రేడియేటర్ దారిని మూసి ఉంచే వాల్వును) ఇంజిన్‌లోకి నీరు ప్రవేశించే వైపు పెట్టారు. దాంతో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడల్లా చల్లటి నీరు ఒక్కసారిగా వేడి ఇంజిన్‌లోకి దూకేది. తర్వాతి కాలంలో ఉక్కు పొరల గ్యాస్‌కెట్లు, హెడ్‌ను బ్లాకుపై సరైన చోట నిలిపే డోవెల్ పిన్నులు ప్లాస్టిక్ బదులు ఉక్కువి, మార్చిన థర్మోస్టాట్ అమరిక వచ్చాకే ఆ సమస్య చాలావరకు సర్దుకుంది. అమెరికాలో పాత సుబారు కార్లు కొన్న తెలుగువారికి ఆ కంపెనీ 2.5 లీటర్ల ఇంజిన్ల కథ పరిచయమే: తొలి రకం ఇంజిన్లలో మండిన వాయువు నీటిలోకి చొరబడేది, తర్వాతి రకంలో ఆయిల్, కూలెంట్ బయటికి చెమర్చేవి. ఇలాంటి ఇంజిన్లలో పాత నమూనా గ్యాస్‌కెట్‌నే మళ్లీ వేస్తే పాత సమస్యే తిరిగి వస్తుంది. మారుతి 800కు అలాంటి పేరు లేదు. అక్కడ గ్యాస్‌కెట్ పోయిందంటే మొదట అనుమానించాల్సింది కూలింగ్ వ్యవస్థనే.

లక్షణాలు ఎంతవరకు నమ్మాలి

సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ, ఆయిల్ డిప్‌స్టిక్‌పై పాల మీగడ లాంటి జిడ్డు, రేడియేటర్‌లో బుడగలు, కారణం తెలియకుండా తగ్గే కూలెంట్. ఈ నాలుగింటినీ అందరూ చెబుతారు. వీటిలో ఏదీ ఒంటరిగా రుజువు కాదు. చలికాలం పొద్దున్నే ఏ కారైనా తెల్లటి ఆవిరి వదులుతుంది. ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకుండా, తియ్యటి వాసనతో వస్తేనే అనుమానించాలి. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారులో ఆయిల్ మూత కింద తెల్లటి జిడ్డు పేరుకోవడం సహజం, అది గాలిలోని తేమ. డిప్‌స్టిక్ పొడవునా, ఆయిల్ అంతటా మీగడ రంగు ఉంటే అది వేరే సంగతి.

నమ్మదగిన గుర్తు ఒకటుంది. రాత్రంతా చల్లారిన ఇంజిన్‌ను స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే రేడియేటర్ పై పైపు గట్టిపడితే, నీరు ఇంకా వేడెక్కలేదు కాబట్టి ఆ ఒత్తిడి సిలిండర్ నుంచే వస్తోందని అర్థం. ఎల్‌పీజీ కిట్ అమర్చిన పాత మారుతుల్లో మరో సూచన ఉంది. గ్యాస్‌ను ఆవిరి చేసే రెడ్యూసర్ ఇంజిన్ నీటి వేడితోనే పనిచేస్తుంది. నీరు తగ్గినప్పుడు దానిపై మంచు పట్టి ఇంజిన్ ఆగిపోతుంది. గ్యాస్ కిట్ చెడిందనుకుని దాన్నే మరమ్మతు చేయించుకుంటూ పోతే అసలు లోపం మరుగున పడుతుంది.

హెడ్ దించే ముందు చేయాల్సిన పరీక్షలకు పెద్ద ఖర్చు కాదు. కంప్రెషన్ గేజ్‌తో చూసినప్పుడు పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో మాత్రమే ఒత్తిడి సమానంగా పడిపోతే, గ్యాస్‌కెట్ ఆ రెండింటి మధ్య తెగిందని చెప్పవచ్చు. లీక్‌డౌన్ పరీక్షలో పిస్టన్‌ను పైకి తెచ్చి స్పార్క్ ప్లగ్ రంధ్రం గుండా గాలిని పంపుతారు. గాలి రేడియేటర్‌లో బుడగలై వస్తే గ్యాస్‌కెట్ గానీ పగులు గానీ, పక్క ప్లగ్ రంధ్రంలోంచి వస్తే గ్యాస్‌కెట్, ఆయిల్ మూతలోంచి వస్తే పిస్టన్ రింగులు, సైలెన్సర్‌లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు కారణం. రేడియేటర్ గాలిని నీలి రంగు ద్రవం గుండా లాగే రసాయన పరీక్ష కూడా ఉంది. మండిన వాయువులోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే ఆ ద్రవం పసుపుకు మారుతుంది. ఒక పరిమితి మాత్రం గుర్తుంచుకోవాలి: వాయువు నీటిలోకి వస్తోందని ఈ పరీక్ష చెబుతుంది, అది గ్యాస్‌కెట్ సందులోంచా, హెడ్ పగులులోంచా అన్నది చెప్పదు.

హెడ్ దించాక కనిపించేవి

బోల్టులను ఇంజిన్ పూర్తిగా చల్లారాకే, చివర్ల నుంచి మధ్యకు, కొద్దికొద్దిగా వదులు చేయాలి. వేడిగా ఉన్నప్పుడు విప్పితే, అప్పటిదాకా బాగున్న అల్యూమినియం హెడ్ కూడా వంగే ప్రమాదం ఉంది. హెడ్ ఎత్తగానే పిస్టన్ల పైభాగాలను గమనించడం మేలు. మిగతా వాటిపై నల్లటి మసి ఉండి, ఒక్క పిస్టన్ మాత్రం ఆవిరితో కడిగినట్టు మెరుస్తుంటే నీరు ప్రవేశించిన సిలిండర్ అదే. దానికి ఎదురుగా గ్యాస్‌కెట్ బాగానే కనిపిస్తే, హెడ్‌లో పగులు కోసం వెతకాలి.

తర్వాత పాత గ్యాస్‌కెట్ అవశేషాలను తొలగించడం. ఇక్కడ తొందర ఖరీదైనది. పదునైన ఉక్కు గీకుడు అల్యూమినియంపై గాడి వేస్తుంది. డ్రిల్లుకు తగిలించే రాపిడి డిస్కులు ఉపరితలాన్ని అలలు అలలుగా చేయడమే కాక, వాటి నుంచి రాలే గట్టి రేణువులు ఆయిల్ దారుల్లోకి చేరి బేరింగులను తినేస్తాయి. గ్యాస్‌కెట్ మార్చిన కొద్ది వారాలకే ఇంజిన్ అడుగున బేరింగ్ శబ్దం మొదలైతే, ఆయిల్‌లో కలిసిన నీటితో పాటు ఈ రేణువులనూ అనుమానించాలి.

వంపును కొలవడానికి నిటారు అంచు గల ఉక్కు స్కేలు, ఫీలర్ గేజ్ చాలు. స్కేలును పొడవునా, అడ్డంగా, రెండు కర్ణాల మీదుగా పెట్టి, కింద ఎంత మందం బ్లేడు దూరుతుందో చూస్తారు. చిన్న పెట్రోలు ఇంజిన్లలో చాలా కంపెనీలు అనుమతించే పరిమితి 0.05 మిల్లీమీటర్లు, అంటే తల వెంట్రుక మందం కంటే తక్కువ. కంటితో చూసి బాగుందని చెప్పడానికి ఇందులో తావు లేదు. బ్లాకు పైభాగాన్ని కూడా ఇలాగే కొలవాలి. అది ఇనుముది కాబట్టి వంగదన్న నమ్మకంతో చాలా షెడ్లలో ఈ మెట్టును వదిలేస్తారు.

ఫేసింగ్: బాగుచేసేదెంత, చెడగొట్టేదెంత

వంగిన హెడ్‌ను బోరింగ్ షాపుకు పంపి అడుగును చదును చేయించడాన్నే ఫేసింగ్ అంటారు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఈ పని ఒకే రోజులో అయిపోతుంది. అడుగు చదునైతే సమస్య తీరిందని అనుకోవడం సహజమే గానీ, ఫేసింగ్‌కు మూడు పర్యవసానాలున్నాయి.

మొదటిది కంప్రెషన్ నిష్పత్తి పెరగడం. మారుతి 800 ఇంజిన్ మూల నిష్పత్తి 8.7. ఆ లెక్కన ఒక్కో సిలిండర్‌లో మంటగది పరిమాణం సుమారు 34.5 సీసీలు. హెడ్ నుంచి 0.3 మిల్లీమీటర్లు తీస్తే అది గరిష్ఠంగా 1.1 సీసీలు తగ్గి, నిష్పత్తి 8.95 దగ్గరికి వెళుతుంది. ఒక్కసారికి ఇది పెద్ద తేడా కాదు. రెండు మూడు సార్లు ఫేసింగ్ అయిన హెడ్‌లో మాత్రం నాకింగ్ మొదలై, కొత్త గ్యాస్‌కెట్‌నూ అదే దెబ్బతీయవచ్చు. రెండోది, క్యామ్‌షాఫ్ట్ హెడ్‌లో ఉన్న ఇంజిన్లలో క్యామ్‌కు, క్రాంక్‌కు (పిస్టన్లు తిప్పే ఇరుసుకు) మధ్య దూరం తగ్గి వాల్వ్ టైమింగ్ స్వల్పంగా వెనక్కి జరగడం.

మూడోది అంతగా పట్టించుకోనిది, కానీ తీవ్రమైనది. హెడ్ వంగినప్పుడు అడుగు ఒక్కటే వంగదు. మొత్తం హెడ్ విల్లులా వంగుతుంది. అడుగును చదును చేస్తే గ్యాస్‌కెట్ కూర్చునే తలం సమంగా అవుతుంది గానీ, పైన క్యామ్‌షాఫ్ట్ తిరిగే రంధ్రాల వరుస వంగే ఉంటుంది. ఆ స్థితిలో బిగిస్తే క్యామ్‌షాఫ్ట్ బిగుసుకుని, కొంతకాలానికి విరగవచ్చు. వాల్వుల ఒత్తిడి లేకుండా క్యామ్‌షాఫ్ట్‌ను హెడ్‌లో పెట్టి చేత్తో తిప్పి చూడటం దీనికి సులువైన పరీక్ష. బిగుసుగా ఉంటే ముందు హెడ్‌ను వేడి చేసి, బిగింపులో పెట్టి నిటారు చేయించాలి, ఆ తర్వాతే ఫేసింగ్. ఆ పని తెలిసిన షాపులు తక్కువ.

డీజిల్ హెడ్‌ల విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. పిస్టన్ పైకి వచ్చినప్పుడు హెడ్‌కు, దానికి మధ్య మిగిలే ఖాళీ చాలా స్వల్పం. అందుకే అనేక డీజిల్ ఇంజిన్లకు రెండు మూడు మందాల్లో గ్యాస్‌కెట్లు దొరుకుతాయి. అంచున ఉండే గాట్లు లేదా రంధ్రాల సంఖ్య ఆ మందాన్ని సూచిస్తుంది. పిస్టన్ బ్లాకు కంటే ఎంత పైకి వస్తుందో డయల్ గేజ్‌తో కొలిచి దానికి తగిన గ్యాస్‌కెట్ వేయాలి. పాతదాని గాట్లు చూసి అదే తెచ్చుకోవడం కనీస జాగ్రత్త. కొన్ని డీజిల్ ఇంజిన్ల హెడ్‌కు ఫేసింగ్‌ను కంపెనీలే అనుమతించవు.

తీవ్రంగా కాలిన అల్యూమినియం హెడ్ మెత్తబడి ఉంటుంది. దాన్ని ఎంత చదును చేసినా బోల్టు కింద నలుగుతూ పట్టు కోల్పోతుంది. కాఠిన్య పరీక్షతో దీన్ని తేల్చవచ్చు. పగుళ్లను రంగు ద్రవంతోనో, హెడ్‌ను వేడి నీటిలో ముంచి నీటి దారుల్లోకి గాలి పంపే పరీక్షతోనో పట్టుకోవచ్చు. వాల్వు సీట్ల మధ్య పగుళ్లు చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, వేడెక్కాక తెరుచుకుంటాయి కాబట్టి చన్నీటిలో చేసిన పరీక్షకు విలువ తక్కువ.

గ్యాస్‌కెట్ రకం, బోల్టుల బిగువు

ఆస్బెస్టాస్ తర్వాత వచ్చిన గ్రాఫైట్ మిశ్రమ గ్యాస్‌కెట్లు మెత్తనివి. సుమారు రెండు మైక్రాన్ల గరుకుదనం ఉన్న ఉపరితలంపైనా అవి కూర్చుంటాయి. మల్టీ లేయర్ స్టీల్ (ఉక్కు పొరల) గ్యాస్‌కెట్లు ఎక్కువ ఒత్తిడిని, ఎక్కువ కాలం తట్టుకుంటాయి గానీ, వాటికి ఒక మైక్రాన్ కంటే నునుపైన తలం కావాలి. మామూలు ఎమరీ కాగితంతో చేత్తో రుద్దిన పాత హెడ్‌పై ఖరీదైన ఉక్కు గ్యాస్‌కెట్ వేయడం వల్ల ప్రయోజనం కంటే నష్టమే ఎక్కువ. ఇంజిన్ తయారైనప్పుడు ఏ రకం వేశారో ఆ రకాన్నే, నకిలీ కాని దాన్ని, ఎంచుకోవడం పాత కారుకు సురక్షితమైన దారి. లీకు భయంతో షెల్లాక్ గానీ సీలెంట్ గానీ పూయడం చాలా షెడ్లలో అలవాటు. కంపెనీ చెబితే తప్ప అది అనవసరం. పిండినప్పుడు బయటికి వచ్చిన ముద్ద ఆయిల్ దారిని మూసేయగలదు. గ్యాస్‌కెట్‌ను తిరగేసి పెట్టినా అదే ప్రమాదం: హెడ్‌కు ఆయిల్ వెళ్లే రంధ్రం మూసుకుని, క్యామ్‌షాఫ్ట్ ఎండిపోతుంది.

బోల్టుల బిగింపు ఎందుకంత సున్నితమో తెలియాలంటే టార్క్ (తిప్పే బలం) ఎక్కడికి పోతుందో చూడాలి. స్పానర్‌పై పెట్టిన బలంలో సాధారణంగా పదింట తొమ్మిది వంతులు బోల్టు తల కింద, మరల్లో రాపిడికే ఖర్చవుతాయి. మిగిలిన ఒక్క వంతే హెడ్‌ను నొక్కి పట్టే బిగువుగా మారుతుంది. అందువల్ల మరల్లో తుప్పు ఉంటే టార్క్ రెంచ్ సరైన అంకె దగ్గరే క్లిక్ అంటుంది, హెడ్ మాత్రం వదులుగానే ఉంటుంది. మరలను శుభ్రం చేసి, చెప్పిన చోట పలుచగా ఆయిల్ రాయడం ఇందుకే. బ్లాకులోని బోల్టు గుంతల్లో నీరో ఆయిలో నిలిచి ఉంటే అది మరో ప్రమాదం: ద్రవం కుదించుకోదు కాబట్టి, దిగుతున్న బోల్టు దాన్ని నొక్కి బ్లాకునే పగలగొట్టవచ్చు.

బిగింపు మధ్య బోల్టు నుంచి మొదలై, రెండు వైపులకూ విస్తరిస్తూ, రెండు మూడు దశల్లో సాగాలి. ఒక చివర నుంచి మొదలుపెడితే గ్యాస్‌కెట్ మధ్యలో ముడత పడి అక్కడే ఉండిపోతుంది. రాపిడి తెచ్చే అనిశ్చితిని తప్పించడానికే కొత్త ఇంజిన్లలో కొంత టార్క్ తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పాలన్న పద్ధతి వచ్చింది. ఆ పద్ధతిలో బిగించే బోల్టుల్లో చాలావరకు శాశ్వతంగా సాగేలా తయారైనవి. కంపెనీ అనుమతిస్తే తప్ప వాటిని మళ్లీ వాడకూడదు. పాత మిశ్రమ గ్యాస్‌కెట్లున్న ఇంజిన్లలో కొంత నడిపాక, కంపెనీ చెప్పిన పద్ధతిలో మరోసారి బిగించి, వాల్వుల గ్యాప్ సరిచూడటం మాత్రం అవసరమే.

మళ్లీ పోవడానికి అసలు కారణం

గ్యాస్‌కెట్ రెండోసారి పోయిన కార్లలో తరచుగా కనిపించేది సగం మూసుకుపోయిన రేడియేటరో, పనిచేయని ఫ్యాన్ స్విచ్చో. తెలుగు ప్రాంతాల్లో దీనికి స్థానిక కారణమూ ఉంది. బోరు నీళ్లలోని సున్నపు లవణాలు వేడికి విడివడి, రేడియేటర్ గొట్టాల్లో, హెడ్ నీటి దారుల్లో తెల్లటి పొరగా పేరుకుంటాయి. ఆ పొర వేడిని లోహం నుంచి నీటికి వెళ్లనివ్వదు. బయటికి చుక్క లీకు లేకపోయినా ఇంజిన్ వేడెక్కుతుంది. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల ఎండలో అప్పటికే తగ్గిన ఆ సామర్థ్యం చాలదు.

రేడియేటర్ క్యాప్‌ను చాలామంది మూతగానే చూస్తారు. సముద్ర మట్టంలో నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది, హైదరాబాద్ ఎత్తులో సుమారు 98 వద్దే. 0.9 బార్ ఒత్తిడి పట్టే క్యాప్ ఆ మరుగు స్థానాన్ని 118 దాకా పెంచుతుంది. సగం పాళ్లలో కూలెంట్ కలిస్తే మరో ఎనిమిది తొమ్మిది డిగ్రీల వెసులుబాటు వస్తుంది. స్ప్రింగు సడలిన క్యాప్ ఈ రక్షణను సగానికి సగం పోగొడుతుంది.

థర్మోస్టాట్ పీకేయడం మన షెడ్లలో పాతుకుపోయిన అలవాటు. ఎండ దేశానికి అది అక్కర్లేదన్న వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ అనేక ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూనే రేడియేటర్‌కు వెళ్లని పక్కదారిని మూసేస్తుంది. దాన్ని తీసేస్తే నీటిలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజిన్ చుట్టూ తిరుగుతూ ఉంటుంది. అంటే మామూలు రోజుల్లో ఇంజిన్ చాలినంత వేడెక్కక ఇంధనం వృథా అవుతుంది, భారం పడ్డ రోజున ఎక్కువ వేడెక్కుతుంది.

రేడియేటర్‌లో పోసే లీకు పొడులు, మందులు, పసుపు లాంటి చిట్కాలు సూది మొనంత రంధ్రాన్ని కొంతకాలం మూయగలవు. రేడియేటర్‌లో ఉండే ఒత్తిడి ఒక బార్ లోపే కాబట్టి అక్కడ అవి నిలుస్తాయి. సిలిండర్ నుంచి 50 బార్ల ఒత్తిడితో తన్నే వాయువు ముందు ఆ పూత నిలబడటం అరుదు. ఈలోగా అదే పదార్థం రేడియేటర్ గొట్టాలకు అడ్డుపడుతుంది.

ఖర్చు లెక్క, నిర్ణయం

చిన్న పెట్రోలు కారుకు గ్యాస్‌కెట్ ఖరీదు కొన్ని వందల రూపాయలే. బిల్లును పెంచేవి విప్పి బిగించే కూలి, హెడ్ పని, టైమింగ్ బెల్టు, వాటర్ పంప్, థర్మోస్టాట్, ఆయిల్, కూలెంట్. హెడ్ ఎలాగూ దిగింది కాబట్టి వాల్వులు గ్రైండింగ్ చేయించడం, వాల్వ్ సీళ్లు మార్చడం తెలివైన పనే. అయితే అరిగిపోయిన రింగులున్న ఇంజిన్‌కు హెడ్ ఒక్కటే కొత్తగా చేస్తే ఆయిల్ తాగడం ఆగకపోవచ్చు. ముందే చేసిన లీక్‌డౌన్ పరీక్ష ఆ సంగతి చెబుతుంది. నిర్ణయం ప్రధానంగా హెడ్ స్థితిపై ఆధారపడాలి. వంపు ఫేసింగ్‌తో పోయేంతే ఉండి, పగుళ్లు లేకపోతే మరమ్మతు లాభసాటి. పదిహేనేళ్లు దాటిన కారైతే రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఫీజునూ లెక్కలో కలపాలి. 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం దాన్ని కార్లకు 600 నుంచి 5,000 రూపాయలకు పెంచింది; ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025లో మరింత పెంచింది.

వాయిదా వేస్తూ నడపడం మాత్రం ఖర్చును పెంచుతుంది. కూలెంట్‌లోని గ్లైకాల్ ఆయిల్‌తో కలిస్తే బేరింగుల నునుపు పోతుంది. అందుకే మీగడ రంగు ఆయిల్ కనిపించిన ఇంజిన్‌లో గ్యాస్‌కెట్ మార్చాక ఒకసారి, కొద్దిగా నడిపి మరోసారి ఆయిల్ మార్చాలి. అంతకంటే ప్రమాదకరమైనది రాత్రి పూట సిలిండర్‌లోకి కారి నిలిచే నీరు. పొద్దున్న స్టార్టర్ తిప్పగానే పిస్టన్ ఆ నీటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆ తర్వాత మిగిలే దారి హాఫ్ ఇంజిన్ (హెడ్ లేకుండా, పిస్టన్లతో సహా వచ్చే బ్లాకు) గానీ, వాడేసిన మరో ఇంజిన్ గానీ. ఇంజిన్ మారిస్తే దాని నంబరు ఆర్‌సీలో నమోదు కావాలి, అందుకు రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి. పాత ఇంజిన్ల దుకాణంలో రసీదు, ఆ ఇంజిన్ ఏ బండిదో చూపే కాగితాలు ఇవ్వకపోతే ఆ నమోదు జరగదు.